తుదిజాబితాలో మీ పుస్తకం ఉంటే: అవార్డు సభకి ఎలా తయారవ్వాలి

"మేడమ్, మీ కథల పుస్తకం చివరి ఐదింట్లో ఉందండి. ఇరవై ఎనిమిదో తారీకున రాజమండ్రిలో సభ. తప్పకుండా రావాలండి."

మూడేళ్ళ కిందట డిసెంబరు మొదట్లో ఈ ఫోన్ వచ్చింది. అప్పుడు స్టాఫ్ రూములో పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. "అలాగేనండి, థాంక్సండి" అని పెట్టేశాను. పెట్టేశాక చూసుకుంటే అడగాల్సినవి ఒక్కటీ అడగలేదు. ఆ తర్వాత మూడు వారాలూ ఏం చేయాలో చెప్పేవాళ్ళు లేక ఒకటే టెన్షన్. అందుకే ఇది రాస్తున్నాను. మాది కోనసీమలో అంబాజీపేట దగ్గర పల్లెటూరు. గోదావరి జిల్లాల్లో మీరు ఎక్కడివాళ్ళయినా ఇందులో చాలావరకు పనికొస్తుంది.

ఈ సంగతి మనలో చాలామందికి తెలియకపోవడానికి కారణం ఉంది. తెలుగులో ఎక్కువ పురస్కారాలకి ఎవరికిచ్చేదీ ముందే చెప్పేస్తారు. కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డే చూడండి. ముగ్గురు సభ్యుల జ్యూరీ పుస్తకాన్ని ఎంపిక చేస్తుంది, పేరు ప్రకటిస్తారు, ఆ తర్వాత ఎప్పుడో జరిగే సభలో తామ్రఫలకం, శాలువా, లక్ష రూపాయలు అందజేస్తారు. వెళ్ళేవాళ్ళకి ఎందుకు వెళ్తున్నారో తెలుసు. తుదిజాబితాలో ఉన్నవాళ్ళందరినీ పిలిచి ఫలితం సభలోనే చెప్పే పద్ధతి మనకింకా కొత్త. బ్రిటన్‌లో ఇంగ్లీషు నవలలకిచ్చే బుకర్ బహుమతికి అది ఎప్పటినుంచో ఉంది. అక్కడ తుదిజాబితాలో ఆరు పుస్తకాలుంటాయి. ఆ ఆరుగురికీ తలా 2,500 పౌండ్లు, ప్రత్యేకంగా బైండు చేయించిన తమ పుస్తకం ప్రతి ఒకటి ఇస్తారు. అక్కడిదాకా రావడమే గౌరవం అని వాళ్ళ లెక్క. మీరూ ఆ లెక్కతోనే బయల్దేరండి. మన పుస్తకం ఐదొందల కాపీలు వేసి, మూడొందలు ఊరికే పంచి, చదివారో లేదో తెలియకుండా ఉండిపోయే రోజుల్లో, ముఖపరిచయం కూడా లేని న్యాయనిర్ణేతలు దాన్ని చదివి పక్కన పెట్టుకున్నారంటే అది చిన్న సంగతి కాదు.

ఫోన్లోనే అడగండి

మొహమాటపడకండి. సభ ఎన్ని గంటలకి, ఏ హాల్లో, వెంట ఎంతమందిని తీసుకురావచ్చు, ఐదుగుర్నీ వేదిక మీద కూర్చోబెడతారా లేక ముందు వరసలోనా, మాట్లాడడానికి ఎన్ని నిమిషాలు ఇస్తారు, పుస్తకంలోంచి చదవాలా, ఫలితం అప్పటికప్పుడే చెప్తారా, పుస్తకాల అమ్మకానికి బల్ల వేస్తారా. దారిఖర్చులు, రాత్రి బస సంగతి కూడా అడగండి. అడిగితే తప్పుగా అనుకుంటారని నేను ఊరుకున్నాను. రాజమండ్రి చేరాక తెలిసింది, అడిగినవాళ్ళందరికీ రూము ఇచ్చారని. మాట్లాడింది వాట్సాప్‌లో ఒక మెసేజ్‌గా పంపి "ఇంతేనాండీ?" అని ఖాయం చేసుకోండి.

మిమ్మల్ని పరిచయం చేయడానికి నాలుగు లైన్లు మీరే రాసి పంపండి. మీ పేరు, ఊరు, పుస్తకం పేరు, ఎన్ని కథలు, అంతే. మీరు పంపకపోతే ఎవరో ఎక్కడినుంచో తెచ్చి రాస్తారు.

ఇంట్లో, ఊళ్ళో ఏమని చెప్పాలి

ఇక్కడ జాగ్రత్త కావాలి. మీరు "తుదిజాబితాలో ఉంది" అంటారు, వినేవాళ్ళకి "అవార్డు వచ్చింది" అని వినపడుతుంది. మా ఇంట్లో చెప్పిన సాయంత్రానికే వీధి చివర కొబ్బరికాయల కొట్టు దగ్గర మావారికి షేక్‌హ్యాండ్లు మొదలయ్యాయి. మర్నాడు స్కూలు పూర్వ విద్యార్థులు ఫ్లెక్సీ వేయిస్తామని ఫొటో అడిగారు. వాళ్ళ ప్రేమకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ ఆపాను. "నాయనా, ఐదుగురిలో ఉన్నాను, ఇంకా ఎవరికన్నది తెలీదు. ఆ డబ్బుతో స్కూలు లైబ్రరీకి నాలుగు పుస్తకాలు కొనండి" అన్నాను. కొన్నారు కూడా.

మీరు చెప్పే మాట ఒక్కటే ఉండనివ్వండి, అందరికీ అదే చెప్పండి: "చివరి ఐదు పుస్తకాల్లో నాదొకటి. ఎవరికన్నది ఆ రోజే చెప్తారు." స్టాఫ్ గ్రూపులో ఎవరైనా పూలగుత్తుల బొమ్మలతో "విజేతకు అభినందనలు" అని పెడితే అప్పుడే మృదువుగా సరిచేయండి. తర్వాత సరిచేయడం మీకూ కష్టం, వాళ్ళకీ కష్టం.

మిగతా నాలుగు పుస్తకాలూ చదవండి

నేను చెప్పేవాటిలో ఇది అన్నిటికన్నా ముఖ్యం. తుదిజాబితా తెలిసిన రోజే మిగతా నలుగురి పుస్తకాలు తెప్పించుకోండి. విజయవాడ, హైదరాబాద్ పుస్తకాల షాపులు పోస్టులో పంపుతాయి. దొరక్కపోతే రచయితకే ఫోన్ చేసి డబ్బులు పంపి అడగండి. పోటీదారు పుస్తకం అని చదవకండి. మామూలుగా, భోజనం అయ్యాక, అరుగు మీద కూర్చుని చదివినట్టే చదవండి.

మొదటి పుస్తకం తెరిచినప్పుడు నాకు ప్రతి వాక్యాన్నీ నాదానితో తూకం వేసుకునే జబ్బు పట్టుకుంది. పదో పేజీకి అది వదిలింది. అందులో ఒక కథలో తల్లి రేపు పరీక్షకి వెళ్ళే కొడుకు చొక్కాకి గుండీ కుడుతుంది. ఇంట్లో తెల్లదారం ఉండదు. నల్లదారంతోనే కుట్టి, పైకి కనపడకుండా సుద్దముక్కతో రుద్దుతుంది. అది చదివి పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను. ఎవరో తెలియని మనిషి మీద నాకు గౌరవం పుట్టింది. సభలో ఆవిడ పక్కన కూర్చోబోతున్నాను అనుకుంటే టెన్షన్ పోయి, ఎప్పుడెప్పుడు కలుస్తానా అనిపించింది.

ఒక్కో పుస్తకంలో మీకు బాగా నచ్చిన చోటు ఒకటి గుర్తుపెట్టుకోండి. పేజీ నెంబరు రాసుకోండి. అది ఎందుకో తర్వాత చెప్తాను.

మూడు నిమిషాలకి ఒక పేజీ

ఐదుగురూ తలా మూడు నిమిషాలు చదవాలి అన్నారు. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. పుస్తకంలో తమకి అన్నిటికన్నా ఇష్టమైన భాగం తీసుకుంటారు. మీకు ఇష్టమైన భాగం చాలాసార్లు కథ చివర్లో ఉంటుంది. ముందు పది పేజీలు చదివినవాళ్ళకే అది అందుతుంది. హాల్లో వాళ్ళు ఏమీ చదవలేదు. కాబట్టి ముందూవెనకా చెప్పకుండానే అర్థమయ్యే పేజీ వెతకండి. ఇద్దరు మనుషులు, ఒక చోటు, ఒక చిన్న సంఘటన ఉంటే చాలు. కాస్త సంభాషణ ఉంటే మరీ మంచిది.

డెమ్మీ సైజు, అంటే మామూలు కథల పుస్తకం సైజు, పేజీ నిదానంగా చదివితే నాకు రెండు నిమిషాల పైనే పడుతుంది. ఫోన్లో టైమర్ పెట్టుకుని మీది చూసుకోండి. మూడు నిమిషాలు ఇస్తే రెండున్నరకే సరిపెట్టుకోండి. మైకు దగ్గర నమస్కారానికి, కళ్ళజోడు సర్దుకోవడానికి ఆ అర నిమిషం కావాలి.

తర్వాత, కథలతో సంబంధం లేని మనిషికి ఒకరికి చదివి వినిపించండి. నేను మా అత్తయ్యగారికి వినిపించాను. ఆవిడ వంటింటి గుమ్మంలో కత్తి పట్టుకుని కూర్చుని పనసపొట్టు కొడుతున్నారు. నేను చదువుతున్నంతసేపూ కత్తి ఆగలేదు. అయిపోయాక తలెత్తకుండానే, "బానే ఉందే. ఇంతకీ ఆ సుబ్బలచ్చిమి, లచ్చక్క ఒక్కత్తేనా, ఇద్దరా?" అన్నారు.

ఒక్కత్తే. కథ మొత్తం చదివినవాళ్ళకి ఆ అనుమానం రాదు. చెవితో వినేవాళ్ళకి వస్తుంది. సభలో చదివే కాగితంలో అన్నిచోట్లా "లచ్చక్క" అనే పెట్టాను. రెండోసారి వినిపించాను. ఒక చోట కత్తి ఆగింది. ఆ చోటు రాగానే గొంతు తగ్గించాలని పెన్సిల్‌తో గీత పెట్టుకున్నాను.

అలా మార్చుకోవచ్చా అని సందేహించకండి. మీ పుస్తకం మీది. చదవడానికి రెండు విశేషణాలు తీసేసినా, పొడుగు వాక్యాన్ని విరిచినా పుస్తకానికి ఏమీ కాదు.

యాస విషయం. మైకు ముందు నిలబడగానే మనలో కొందరికి గొంతు మారిపోతుంది, రేడియో వార్తల భాష వచ్చేస్తుంది. అలా చేయకండి. మీ మనుషులు "ఆయ్, వత్తన్నానండి" అంటే అలాగే చదవండి. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారిది అనపర్తి దగ్గర పొలమూరు. ఈ గోదావరి ఇళ్ళలో ఆడవాళ్ళు మాట్లాడుకునే తెలుగుని ఆయన కథల్లోకి తెచ్చిన తీరు ఇప్పటికీ మనకి పాఠం. అలాంటి నేల మీద నిలబడి మన యాసకి మనం సిగ్గుపడక్కర్లేదు.

కాగితం సంగతి: పుస్తకంలోంచి కాకుండా, పెద్ద అక్షరాలతో ప్రింటు తీసుకున్న కాగితం పట్టుకెళ్ళండి. వేదిక మీద లైట్లు మొహం మీద కొడతాయి, చిన్న అక్షరం కనపడదు. రెండు కాగితాలుంటే స్టేపుల్ చేయకండి, నెంబర్లు వేయండి. రెండో కాపీ ఒకటి చేతిసంచిలో వేరే అరలో పెట్టండి.

గెలిస్తే చెప్పాల్సిన మాటలు కూడా ఇప్పుడే రాసుకోండి. నాలుగు వాక్యాలు చాలు. న్యాయనిర్ణేతలకి, పుస్తకం వేయడానికి సాయపడినవాళ్ళకి, ఇంట్లోవాళ్ళకి, తోటి నలుగురికి. డీటీపీ చేసినవాళ్ళనీ, ప్రూఫులు దిద్దినవాళ్ళనీ మర్చిపోకండి. వాళ్ళ పేర్లు వేదిక మీద ఎవరూ చెప్పరు.

ప్రయాణం, సంచి

కోనసీమ నుంచి రైలు లేదు కాబట్టి బస్సో కారో. రావులపాలెం నుంచి జొన్నాడ వంతెన దాటి వెళ్ళే హైవే ఒక దారి. ఆత్రేయపురం, బొబ్బర్లంక మీదుగా బ్యారేజీ దాటి ధవళేశ్వరంలో దిగే దారి ఇంకొకటి. డిసెంబరులో కోతలయ్యాక ఊళ్ళ రోడ్ల మీద సగం వెడల్పున ధాన్యం ఆరబోసి ఉంటుంది, ట్రాక్టర్లు అడ్డం వస్తాయి. తెల్లారి పూట మంచు. రెండు గంటల ప్రయాణానికి మూడున్నర వేసుకోండి.

నేను బ్యారేజీ దారినే వెళ్ళాను. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన చోటది. ఒకవైపు కనుచూపు మేర నీళ్ళు, రెండోవైపు ఇసుక తిన్నెలు. కిటికీ పక్కన కూర్చుని ఒక్కసారి ఆ నీళ్ళ వంక చూస్తే చదవాల్సిన పేజీ మనసులో దానంతటదే నడిచింది. దారిలో ఆత్రేయపురంలో ఆగి పూతరేకులు నాలుగు డబ్బాలు కొన్నాను, తోటి రచయితలకి. అవి సంచిలో పెడితే నుసి అయిపోతాయి, ఒళ్ళో పెట్టుకోవాలి.

పుస్తకాలు ఇరవై కాపీలు చాలు. నూటయాభై పేజీల పుస్తకం ఇరవై అయితే నాలుగు కిలోల దాకా తూగుతుంది. మెట్లెక్కాలి, గుర్తుంచుకోండి. స్కాన్ చేసే క్యూఆర్ కోడ్ ప్రింటు తీసి అట్టకి అంటించండి. చిల్లర కూడా ఉంచుకోండి, పెద్దవాళ్ళు నోటే ఇస్తారు. సంతకాలకి రెండు పెన్నులు. మంచినీళ్ళ సీసా. ఏవైనా రెండు బిస్కెట్ ప్యాకెట్లు కూడా పెట్టుకోండి. భోజనం తొమ్మిది దాటాకే.

బట్టల గురించి ఎక్కువ చెప్పను. అలవాటైనవే కట్టుకోండి. నేను బండారులంక నేత చీర, అప్పటికి నాలుగైదు ఉతుకులు చూసింది, కట్టుకున్నాను. కొత్త పట్టుచీర అయితే మూడు గంటలు దాన్ని సర్దుకోవడమే సరిపోయేది.

తిరుగు ప్రయాణానికి మీ వైపు ఆఖరి బస్సు ఎన్ని గంటలకో ముందే కనుక్కోండి. ఆరింటికి అన్న సభ ఏడుకి మొదలవుతుంది. బస్సు చూసుకుంటూ కూర్చుంటే మనసు వేదిక మీద ఉండదు. ఆ రాత్రికి ఊళ్ళోనే ఉండిపోవడం మంచిది.

మధ్యాహ్నమే చేరిపోతే హోటల్ గదిలో ఒంటరిగా కూర్చోకండి. గౌతమీ గ్రంథాలయం తెరిచి ఉండే వేళ కనుక్కుని వెళ్ళండి. వందేళ్ళు దాటిన లైబ్రరీ. నేను గంటన్నర కూర్చున్నాను. బీరువాల నిండా, రాసినవాళ్ళ పేర్లు నేనెప్పుడూ వినని పుస్తకాలు. వాటిని ఎవరో అట్టలు వేసి, నెంబర్లు రాసి, ఇన్నేళ్ళు కాపాడారు. ఆ సాయంత్రం ఏ పేరు చదువుతారోనన్న ఆదుర్దా అక్కడ చాలావరకు దిగిపోయింది.

హాల్లోకి వెళ్ళగానే

ముందు యాంకరమ్మని గానీ, మైకు చూసుకునే నిర్వాహకుల్ని గానీ కలవండి. మీ పరిచయం కాగితం ఇంకో కాపీ వాళ్ళ చేతికివ్వండి. ఫ్లెక్సీ మీద మీ పేరు చూసుకోండి. నా పుస్తకం పేరు ఫ్లెక్సీ మీద ఒక అక్షరం తప్పు పడింది, ఆ తప్పుకి అర్థమే మారిపోయింది. గుండె గుభేలుమంది. ఎంత మోజుపడి పెట్టుకున్న పేరు! కానీ ఆ సమయంలో ఫ్లెక్సీ మారదు. అందుకని కోప్పడకుండా యాంకర్ దగ్గరికెళ్ళి, సరైన పేరు పెద్ద అక్షరాలతో రాసిచ్చి, ఒకసారి పలికించుకున్నాను. నా వంతు వచ్చినప్పుడు మైకు ముందు పుస్తకం చేత్తో ఎత్తి చూపించి, పేరు స్పష్టంగా చెప్పి మొదలుపెట్టాను. పుస్తకం పేరు తప్పు పడితే తప్పకుండా సరిచేయండి. మీ ఉద్యోగమో, మీ ఊరి మండలమో తప్పు చెప్తే వదిలేయండి.

జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన, అధ్యక్షుల తొలిపలుకులు, అతిథుల ప్రసంగాలు అన్నీ అయ్యేసరికి మీ వంతుకి గంటన్నర పట్టొచ్చు. ఆ గంటన్నరలో కాగితం మళ్ళీమళ్ళీ తీసి చూసుకోకండి. మిగతావాళ్ళు చదువుతున్నప్పుడు వాళ్ళ మొహం చూస్తూ వినండి. మీరు వాళ్ళ పుస్తకాలు చదివారు కదా, ఏ పేజీ ఎంచుకున్నారో తెలుసుకోవాలని మీకే కుతూహలంగా ఉంటుంది.

మీరు చదివేటప్పుడు మైకుకి జానెడు దూరంలో నిలబడండి. మొదటి వాక్యం అయ్యాక ఒక్క క్షణం ఆగండి. హాలు సద్దుమణగడానికి ఆ క్షణం చాలు.

పేరు చదివే ముందు

కవరు తెచ్చి ముఖ్య అతిథి చేతికిస్తారు. ఫొటోగ్రాఫర్లు ముందుకొస్తారు. అప్పుడు నోరు ఎండిపోతుంది, ముందుగానే ఒక గుక్క నీళ్ళు తాగండి. చేతుల్లో కాగితాలు, ఫోను లేకుండా చూసుకోండి. చప్పట్లు కొట్టడానికి చేతులు ఖాళీగా ఉండాలి.

నా పేరు కాదు. గుండీ కథ రాసిన ఆవిడ పేరు.

బాధ ఉండదని చెప్పను. గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది, రెండు మూడు క్షణాలు ఎటు చూడాలో తెలియలేదు. అప్పుడు ఆవిడ వంక చూశాను. ఆవిడ లేవడానికి కుర్చీ చేతులు పట్టుకుని, లేవలేక, మా నలుగురి వంకా చూస్తున్నారు. నేను లేచి చేయి అందించాను. "అక్కా, ఆ సుద్దముక్క చోటు చదివి పుస్తకం మూసేశానండి" అన్నాను. ఆవిడ నా చేయి వదల్లేదు. "నువ్వు చదివావా తల్లీ!" అన్నారు. అంత చప్పట్ల మధ్య ఆ మాట నాకొక్కదానికే వినపడింది.

పేజీ నెంబరు రాసుకోమన్నది ఇందుకే. ఆ క్షణంలో "కంగ్రాట్స్" అనేస్తే అదీ మర్యాదే. వాళ్ళు రాసిన ఒక చోటు మీ నోట వస్తే వాళ్ళకీ మీకూ ఆ సాయంత్రం వేరేగా ఉంటుంది. మీకే వస్తే మిగతా నలుగురితో అలాగే మాట్లాడండి, మీ నాలుగు వాక్యాల్లో ఒకటి వాళ్ళ పుస్తకాలకి కేటాయించండి.

వందన సమర్పణ అయ్యేదాకా కూర్చోండి. మధ్యలో లేచి వెళ్ళిపోకండి. తుదిజాబితావాళ్ళకి ఇచ్చే శాలువా, జ్ఞాపిక మామూలుగా చివర్లోనే ఇస్తారు, మీ పాఠకులు కూడా మిమ్మల్ని కలిసేది అప్పుడే. ఫలితం గురించి న్యాయనిర్ణేతల్ని అక్కడ అడగకండి. నెల పోయాక, మీ పుస్తకంలో ఏది తగ్గిందో తెలుసుకోవాలని నిజంగా ఉంటే, ఫోన్ చేసి అడగొచ్చు. నేను ఒకరిని అడిగాను. చివరి రెండు కథలు తొందరపడి ముగించానని చెప్పారు. నిజమే.

సభ అయ్యాక

పుస్తకాల బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడండి, భోజనం తర్వాత చేయొచ్చు. సంతకం పెట్టే ముందు పేరు ఎలా రాయాలో అడగండి, తారీకు, ఊరు వేయండి. నా దగ్గర పదకొండు కాపీలు పోయాయి. ఒక పెద్దావిడ మాత్రం కొనలేదు. కడియం దగ్గర నర్సరీలో పని చేస్తారట, మనవడితో వచ్చారు. "ఆ లచ్చక్క తరవాతేం చేసిందమ్మా?" అని అడిగారు. చెప్పబోయాను. "వద్దులే, మా మనవడు చదివి పెడతాడు. అచ్చరాలు కొంచెం పెద్దయి ఉంటే పంపు, ఆడికి చూపు తక్కువ" అన్నారు. అడ్రసు రాసుకున్నాను.

ఇలా ఎవరు అడిగినా పేరు, అడ్రసు ఆ క్షణమే రాసుకోండి, గుర్తుంటుందిలే అనుకోవద్దు. ఇంటికెళ్ళిన వారంలోపు పంపేయండి. నేను ఆ కథ ఒక్కటీ పెద్ద అక్షరాల్లో ప్రింటు తీయించి, స్పైరల్ బైండింగ్ చేయించి, సంక్రాంతి లోపే పోస్టు చేశాను. కనుమ నాడు ఫోనొచ్చింది. మనవడు చదువుతుంటే వెనక నుంచి ఆవిడ గొంతు వినపడుతోంది, "ఆగాగు, ఆ ముక్క మళ్ళీ చదువు" అని.